మీకు తెలుసా? తొమ్మిది రోజుల్లో మొదలైన క్లినికల్ ట్రయల్!

మామూలు రోజుల్లో పెద్ద క్లినికల్ ట్రయల్ మొదలుపెట్టాలంటే అనుమతులు, ఏర్పాట్లకే నెలలు పడుతుంది. 2020 మార్చిలో, కరోనా విజృంభిస్తున్న బ్రిటన్‌లో, ‘రికవరీ’ ట్రయల్ ప్రణాళిక రాసిన తొమ్మిది రోజులకే తొలి రోగి అందులో చేరారు.

• దీనికి ఆక్స్‌ఫర్డ్ ఆచార్యులు పీటర్ హార్బీ, మార్టిన్ లాండ్రే సారథులు. ఊపిరి సలపనంత పనిలో ఉన్న డాక్టర్లు, నర్సులపై అదనపు భారం పడకుండా ట్రయల్ పనిని కుదించారు. రోగి సమ్మతి తీసుకుని, కొద్దిపాటి వివరాలు ఆన్‌లైన్‌లో నింపితే చాలు. ఎవరికి ఏ చికిత్స అన్నది కంప్యూటరే లాటరీ పద్ధతిలో తేల్చేది.

• ఒకే ట్రయల్‌లో పలు మందులను పరీక్షించారు. పనిచేయనిదాన్ని ఆపేసి, కొత్తదాన్ని చేర్చుకునే వీలుండేది. ఆస్పత్రిలో చేరిన కోవిడ్ రోగుల ప్రాణాలను హైడ్రాక్సీక్లోరోక్విన్ కాపాడడం లేదని జూన్ మొదటి వారంలోనే తేలిపోయింది.

• జూన్ 16న అసలైన శుభవార్త వచ్చింది. ఎప్పటినుంచో వాడుకలో ఉన్న చౌక స్టెరాయిడ్ డెక్సామెథసోన్‌ను రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున, గరిష్ఠంగా 10 రోజులు ఇచ్చారు. వెంటిలేటర్‌పై ఉన్నవారిలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్‌పై ఉన్నవారిలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం మేలు కనిపించలేదు.

ఏ మందు ఎవరికి మేలు చేస్తుందో ఊహలతో తేలదు. ఆపత్కాలంలోనూ సరైన పరీక్షే ప్రాణాలు నిలుపుతుందని ‘రికవరీ’ నిరూపించింది. ఈ పద్ధతిని తర్వాతి మహమ్మారి వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే అన్ని దేశాలూ అలవాటు చేసుకోవాలి.