ట్రిప్ స్విచ్ పడిందా? దాన్ని కట్టెయ్యకండి, కారణం వెతకండి

వానాకాలం మొదలైతే చాలు, సోలాపూర్ అయినా భివండి అయినా మన వాడల్లో రోజుకో ఇంట్లో ఇదే గొడవ. పక్కింట్లో కరెంటు ఉంటుంది, మనింట్లో ఉండదు. డబ్బా తెరిచి చూస్తే స్విచ్ కిందికి పడి ఉంటుంది. లేపితే మళ్లీ పడుతుంది. విసిగిపోయి ఎవరినో పిలుస్తాం. వచ్చినాయన, "ఈ స్విచ్చే సతాయిస్తుంది అన్నా, తీసేసి డైరెక్ట్ ఇస్తా, రెండు నిమిషాల పని" అంటాడు. మనం సరే అంటాం. ప్రాణం మీదికి తెచ్చుకునేది అక్కడే.

సాంచా నడిపినవాళ్లకు ఈ సంగతి తొందరగా అర్థమవుతుంది. పేక పోగు తెగితే సాంచా తనంతట తానే ఆగుతుంది. ఆగిందని కోపంతో ఆ ఆపే ఫోర్కును ఎవరైనా కట్టేస్తారా? తెగిన పోగు చూసుకుని మళ్లీ నడిపిస్తాం. ట్రిప్ స్విచ్ పని కూడా అదే. కాకపోతే అక్కడ పోయేది బట్ట, ఇక్కడ పోయేది మనిషి.

ముందు ఏది పడిందో చూడండి

డబ్బాలో సన్నగా ఉండేవి ఎం.సి.బి.లు. వాటి మీద 6, 10, 16, 32 అని అంకెలు ఉంటాయి. అవి ఆంపియర్లు. లోడు ఎక్కువైనా, వైర్లు ఒకదానికొకటి తగిలినా ఇవి పడతాయి. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె 4 ఆంపియర్లకు పైనే లాగుతుంది. 2000 వాట్ల గీజరు దాదాపు 9 లాగుతుంది. 10 ఆంపియర్ల లైను మీద రెండూ కలిపి పెడితే కాసేపటికి పడిపోవచ్చు. ఒకటి అయ్యాక ఇంకొకటి వాడుకోవాలి. అంతేగాని చిన్నది తీసి పెద్ద ఎం.సి.బి. పెట్టించొద్దు. అది కాపాడేది గోడలో ఉన్న వైరును. పెద్దది పెడితే స్విచ్ పడదు, వైరు కాలుతుంది. పాత ఫ్యూజులో లావు తీగ చుట్టడం కూడా ఇలాంటి పనే.

వెడల్పుగా ఉండి, 'టి' అనే చిన్న బటన్ ఉన్నది ఆర్.సి.సి.బి. ఇంట్లోకి వెళ్లిన కరెంటు అంతా తిరిగి వస్తోందా లేదా అని ఇది చూస్తుంది. కొంత తగ్గిందంటే అది తడి గోడలోకో, రేకులోకో, మనిషి ఒంట్లోకో పోతున్నట్టు. ఇళ్లలో పెట్టేదాని మీద 30 మిల్లీ ఆంపియర్లు అని ఉంటుంది. అంత లీకైతే కన్నుమూసి తెరిచేలోపు పడిపోతుంది. ఆ 30 మిల్లీ ఆంపియర్లు 6 ఆంపియర్లలో 200వ వంతు. అంత చిన్న లీకు ఎం.సి.బి.కి తెలియనే తెలియదు. అందుకే "ఎం.సి.బి. ఉంది కదా" అని ధైర్యంగా ఉండొద్దు. షాకు నుంచి మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి.

దొంగను పట్టే పద్ధతి

చేతులు తుడుచుకుని, కాళ్లకు చెప్పులు వేసుకోండి. కాలిన వాసన వచ్చినా, డబ్బా తడిగా ఉన్నా ముట్టుకోకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

అన్నీ బాగుంటే ఎం.సి.బి.లన్నీ కిందికి దించండి. ఇంట్లో ఉన్న ప్లగ్గులన్నీ పీకెయ్యండి. స్విచ్ బంద్ చేస్తే చాలదు. బోర్డు మీది స్విచ్ ఆపేది ఫేజు ఒక్కదాన్నే, న్యూట్రల్ అలాగే ఉంటుంది.

ఇప్పుడు ఆర్.సి.సి.బి.ని పూర్తిగా కిందికి నొక్కి, తర్వాత పైకి లేపండి. నిలిస్తే ఎం.సి.బి.లు ఒక్కొక్కటే లేపండి. ఏది లేపితే పడిందో ఆ లైనులో తప్పుంది. దాన్ని దించి పెడితే మిగతా ఇంటికి కరెంటు ఉంటుంది. ఏదీ పడకపోతే తప్పు సామానులోదే. ప్లగ్గులు ఒక్కొక్కటే పెట్టి స్విచ్ వేసి చూడండి. దొరికిన సామాను బాగయ్యేదాకా మళ్లీ పెట్టొద్దు. అన్నీ దించినా, ప్లగ్గులు పీకినా పడుతూనే ఉంటే అది వైరింగులోదో, స్విచ్‌లోదో. అది మన పని కాదు.

ఎక్కువగా దొరికేవి ఇవే: రేకు కూలరు, నీళ్లు కాచే రాడ్డు, పాత గీజరు, నీళ్ల మోటారు, వైరు చిట్లిన ఇస్త్రీ పెట్టె, వాన తడిసే వాకిలి బోర్డు. కూలరుకు రెండు పిన్నుల ప్లగ్గు పెట్టొద్దు. మూడో పిన్నే ఎర్తింగ్. అది లేకపోతే లీకైన కరెంటు రేకులోనే కాచుకుని ఉంటుంది, తడి చేతులతో వచ్చే తల్లి కోసం, ఆడుకునే పిల్ల కోసం. కూలరులో నీళ్లు పోసేముందు ప్లగ్గు పీకాలి. రాడ్డు పెట్టిన నీళ్లలో వేలు పెట్టి చూడొద్దు.

ఆర్.సి.సి.బి. ఉంది కదా అని వైర్లతో ఆటలొద్దు. ఫేజునూ న్యూట్రల్‌నూ రెండు చేతులతో పట్టుకుంటే అది పడకపోవచ్చు.

ఎవరికైనా కరెంటు పట్టుకుంటే వాళ్లను ముట్టుకోవద్దు. మెయిన్ బంద్ చెయ్యండి. కుదరకపోతే పొడి కట్టెతో విడిపించి 108కి ఫోన్ చెయ్యండి. ఊపిరి ఆడకపోతే, అంబులెన్సు వచ్చేదాకా రెండు చేతులతో ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి.

మన చాళ్లలో చాలా గదులు కిరాయివే. ఆర్.సి.సి.బి. లేకపోతే వరుసలోవాళ్లందరూ కలిసి యజమానిని అడగండి. ఒక మామూలు ఫోను ధర కూడా కాదు. ఉన్నవాళ్లు నెలకోసారి 'టి' బటన్ నొక్కండి. వెంటనే పడితే మంచిది. పడకపోతే ఆ రోజే మార్పించండి, రేపటికి వాయిదా వెయ్యకండి.