సగంలో ఆగిన జీప్ అమ్మాలంటే: "90 శాతం పని అయిపోయింది" అనకండి

"అన్నా, ఆ జీప్ ఏమైంది?" అని మీలో చాలామంది అడుగుతూనే ఉన్నారు. నేను కూడా తప్పించుకుంటూనే ఉన్నాను. ఇవాళ చెప్పేస్తా. జీప్ అమ్మేశాను. పూర్తి చేసి కాదు, సగంలోనే. విప్పిన పార్టులు డబ్బాల్లో పెట్టి, డీసీఎంలో ఎక్కించి పంపించాను. బాధ ఉంది, దాచను. కానీ అమ్మేటప్పుడు నేర్చుకున్నది రిపేర్ చేసేటప్పుడు నేర్చుకున్నదానికంటే ఎక్కువ. అదే ఈ ఎపిసోడ్.

కొత్తగా చూస్తున్నవాళ్ళకి చిన్న ఇంట్రో. బండి మహీంద్రా ఎంఎం 540, 1991 మోడల్. ప్యూజో డిజైన్ డీజిల్ ఇంజన్, ఎక్స్‌డీపీ 4.90 అంటారు, 2112 సీసీ. ఫోర్ వీల్ డ్రైవ్. మహీంద్రా వాళ్ళు నలభైల చివర్లో విల్లీస్ జీప్‌తో మొదలుపెట్టిన వరసలోదే ఇది కూడా. 2021 డిసెంబర్‌లో ఖమ్మం దగ్గర ఒక రిటైర్డ్ టీచర్ గారి దగ్గర 1,40,000కి కొన్నాను. అప్పటికి బండి నడుస్తోంది. పొగ వచ్చేది, బ్రేక్ రెండుసార్లు తొక్కాల్సి వచ్చేది, కానీ నడిచేది. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజులు కదా, బాబాయి వాళ్ళ షెడ్డులో పెట్టి, రెండు వారాల్లో మొత్తం విప్పేశాను. నా మొదటి తప్పు అదే. నడిచే బండిని నడిపిస్తూ ఒక్కొక్కటి బాగుచేసుకోవాలి. నేనేమో బోల్టు బోల్టూ ఊడదీసి, ఫోటో తీసి, స్టేటస్ పెట్టుకున్నాను. తర్వాత ఆఫీసుకి రమ్మన్నారు, హైదరాబాద్ వచ్చేశాను. ఇంకేముంది, నెలకోసారి వెళ్ళి దుమ్ము దులిపి రావడమే.

అమ్మాలని డిసైడ్ అయ్యాక మొదటి యాడ్ ఏం రాశానో తెలుసా? "వింటేజ్ డీజిల్ జీప్, 90 శాతం పని అయిపోయింది, చిన్న చిన్న పనులే బాకీ. 4,50,000." ఈ యాడ్‌లో మూడు అబద్ధాలున్నాయి. కావాలని రాసినవి కాదు, నేనూ నిజంగానే నమ్మాను.

మొదటిది, వింటేజ్. 2021లో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం వింటేజ్ వాహనం అంటే మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి యాభై ఏళ్ళు దాటి ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. దానికి వేరే నంబర్ సిరీస్, మధ్యలో వీఏ అని అక్షరాలు వస్తాయి. పైగా అలా రిజిస్టర్ చేయిస్తే రోజూ రోడ్డు మీద తిప్పడానికి ఉండదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, డీజిల్ పోయించుకోవడానికి, మెయింటెనెన్స్‌కి మాత్రమే. నా బండి 1991ది. అది పాత బండి, అంతే. మనం మాటవరసకి వింటేజ్ అంటాం, పర్లేదు. కానీ యాడ్‌లో రాస్తే కొనేవాడు వేరే ఆశ పెట్టుకుంటాడు.

రెండోది, 90 శాతం. దీని సంగతి ఒక మెకానిక్ భాయ్ తేల్చాడు. ఒక కస్టమర్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. బండి చుట్టూ ఒక్క రౌండ్ తిరిగాడు, ఏం ముట్టుకోలేదు. "ట్రాన్స్‌ఫర్ కేస్ ఎక్కడ బాబూ?" అన్నాడు. అదిగో ఆ గోనెసంచిలో అన్నాను. సంచి విప్పి చూశాడు, గేర్లు ఉన్నాయి. "షిమ్‌లు ఏవి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. షిమ్‌లు అంటే పల్చటి రేకు ముక్కలు, బేరింగ్ దగ్గర సందు సరిచేయడానికి వేస్తారు. అవి ఎక్కడెక్కడ ఎన్ని ఉన్నాయో విప్పినవాడికే తెలియాలి. నాకు తెలీదు. వాళ్ళు టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, ఇది మనకి బాగా తెలిసిన విషయమే. ఉద్యోగం మానేసిన వాడి కోడ్ మన మీద పడితే ఎలా ఉంటుంది? డాక్యుమెంటేషన్ ఉండదు, ఏ ఫైల్ దేనికో తెలీదు, "ఆల్‌మోస్ట్ డన్" అని మెయిల్ మాత్రం ఉంటుంది. నేను ఆ జీప్‌తో సరిగ్గా అదే చేశాను. అందుకే మళ్ళీ యాడ్ పెట్టకముందు వరుసగా నాలుగు ఆదివారాలు షెడ్డులో కూర్చున్నాను. ప్రతి పార్టూ నేల మీద టార్పాలిన్ పరిచి పేర్చాను. కొత్తది, పాతదే కానీ పనికొచ్చేది, పాడైపోయింది, అసలు లేనిది అని విడదీశాను. బోల్టులు జిప్ కవర్లలో పెట్టి, మార్కర్‌తో పేరు రాశాను. లేనివాటి లిస్టు రాస్తుంటే మాత్రం చెయ్యి రాలేదు. ఇరవై ఒక్క ఐటమ్స్ తేలాయి.

ఇంజన్ విషయం కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే పాత డీజిల్ ప్రాజెక్టులో సగం ధర అక్కడే ఉంటుంది. నేను బోర్ పని చేయించి, రింగులు, బేరింగులు మార్పించి, బిగించి, పక్కన పెట్టాను. "ఇంజన్ ఓవర్‌హాల్ చేయించా" అంటే ఎవరూ నమ్మరు, ఎందుకు నమ్మాలి? బిగించిన ఇంజన్ ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటే బోర్‌లో తుప్పు పట్టొచ్చు, రింగులు పట్టేయొచ్చు. అదృష్టం, వెళ్ళినప్పుడల్లా కొంచెం ఆయిల్ వేసి, క్రాంక్ పుల్లీ బోల్టుకి స్పానర్ పెట్టి చేత్తో తిప్పేవాణ్ణి. అమ్మేముందు ఇంజన్‌ని నేల మీదే ఇనుప స్టాండుకి బిగించి, క్యాన్ నుంచి కొత్త డీజిల్ లైన్ ఇచ్చి, గాలి తీసి, హీటర్ ప్లగ్‌లు వేడెక్కించి స్టార్ట్ చేశాం. మూడోసారికి అందుకుంది. కట్ లేకుండా వీడియో తీశాను, చల్లటి ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూపించడం దగ్గర్నుంచి. మెషిన్ షాపు బిల్లులూ పక్కన పెట్టాను. నేను రాసిన వెయ్యి మాటలు చేయలేని పని ఆ వీడియో చేసింది. పాత డీజిల్ మాత్రం వాడకండి. ట్యాంకులో ఏళ్ళ తరబడి ఉన్నది జిగురు, నీళ్ళు, చెత్త. అది పంపులోకి, నాజిల్స్‌లోకి వెళ్తే ఇంకో ఖర్చు.

టైర్లు కూడా "కొత్తవి" అని రాశాను మొదట్లో. ఒక్క కిలోమీటర్ కూడా తిరగలేదు, నిజమే. కానీ టైర్ పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, 2221 అంటే 2021లో 22వ వారం తయారైంది అని. ఫోన్‌లో ఫోటో చూసే ఎవరైనా వయసు చెప్పేస్తారు. తిరగని టైరుకి కూడా వయసు వస్తుంది.

మూడో అబద్ధం ధర. నా ఎక్సెల్ షీట్ ప్రకారం కొన్నదానితో కలిపి 5,02,000 పెట్టాను. అందుకని 4,50,000 అడగడం నాకు త్యాగంలా అనిపించింది (నవ్వు). కానీ నేను పెట్టిన ఖర్చు నా సమస్య. కొనేవాడు వెనక్కి కాదు, ముందుకి లెక్కేస్తాడు. ఆ లెక్క చాలా సింపుల్. ఇదే బండి పూర్తయి, నడుస్తూ ఉంటే మా చుట్టుపక్కల ఎంత పలుకుతోంది? నేను చూసిన బండ్లని బట్టి సుమారు 4,50,000. మిగిలిన పనికి ఎంత? ఇద్దరు మెకానిక్‌లతో విడివిడిగా లెక్క వేయించాను, ఎక్కువ చెప్పినతని అంకె తీసుకున్నాను, 1,75,000. ఇంకా కనబడని గోతులు ఉంటాయి కదా, వాటి కోసం ఒక 60,000. తీసేస్తే 2,15,000. రాత్రి పదకొండింటికి ఆ అంకె చూసి ల్యాప్‌టాప్ మూసేశాను. పొద్దున్నే మళ్ళీ తెరిచినా అదే ఉంది.

ఇప్పుడు అసలు విషయం. ధర దిగగానే ఫోన్లు పెరిగాయి. ఢిల్లీ నుంచి ఒకతను చేశాడు. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు అక్కడ తిరగకూడదని 2018లో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి గుర్తుచేస్తే ఆయనే ఆగిపోయాడు. తర్వాత ఇంకొకతను. "బండి నాకొద్దు బ్రో. ఆర్‌సీ, ఛాసిస్ మీద నంబర్ ఉన్న ముక్క ఇచ్చెయ్. 2,60,000 ఇస్తా. మిగతా ఇనుము నువ్వే అమ్ముకో." అంటే జీప్ మొత్తానికంటే కాగితానికి ఎక్కువ! ఒక్క క్షణం టెంప్ట్ అయ్యాను, అబద్ధం చెప్పను. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ఆ నంబర్ ఇంకో బండి మీదకి వెళ్తుంది. అది ఎవరి బండో, ఎక్కడ దొంగిలించారో, రేపు ఎవరిని గుద్దుతుందో మనకి తెలీదు. కానీ రికార్డులో పేరు మాత్రం...

అక్కడే నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే రికార్డులో పేరు నాది కాదు. మాస్టారిది.

మనలో చాలామంది చేసేదే నేనూ చేశాను. సంతకాలు పెట్టిన ఫారం 29, ఫారం 30 తీసుకుని ఫైల్లో పెట్టుకున్నాను. బండి పూర్తయ్యాక పేరు మార్పిద్దాంలే అనుకున్నాను. పూర్తవ్వలేదు, పేరూ మారలేదు. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే, అమ్మినవాడు 14 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయాలి, కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో చాలా స్పష్టంగా చెప్పింది. ఆ కారు వరసగా కొన్ని చేతులు మారింది, రికార్డులో మాత్రం మొదటి ఓనర్ పేరే ఉంది. యాక్సిడెంట్ అయితే పరిహారం బాధ్యత ఆ మొదటి ఓనర్ మీదే పడింది. నేను ఎప్పుడో అమ్మేశాను అంటే కుదరలేదు.

మాస్టారికి ఫోన్ చేశాను. డెబ్బై దాటిన మనిషి. "ఇంకా నా పేరు మీదే ఉందా నాయనా?" అన్నారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. వెళ్ళి కలిసి, కొత్తగా సంతకాలు తీసుకుని, ఆలస్యానికి జరిమానా కట్టి, ముందు నా పేరు మీదకి మార్పించాను. అమ్మకం ఆ తర్వాతే. ఆయన అమ్మేముందే రెన్యూవల్ చేయించి ఇచ్చారు కాబట్టి 2026 నవంబర్ దాకా రిజిస్ట్రేషన్ బతికే ఉంది. గుర్తుంచుకోండి, పదిహేనేళ్ళ తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యూవల్, దానికి బండి తనిఖీకి వెళ్ళాలి. డబ్బాల్లో ఉన్న బండి ఎలా వెళ్తుంది? అందుకే సగంలో ఆగిన ప్రాజెక్టుకి గడువు తేదీ కూడా ధరలో భాగమే. నిజంగా ఇక లేవదు అనుకుంటే సెక్షన్ 55 కింద తెలియజేసి రిజిస్ట్రేషన్ రద్దు చేయించి, ఇనుము తూకానికి అమ్మండి. నష్టమే, కానీ రాత్రి నిద్ర పడుతుంది.

చివరికి కొన్నది పాడేరు దగ్గర కాఫీ తోట ఉన్న ఒక కుర్రాడు. ఇంజన్ వీడియో చూసి చేశాడు. లేని 21 ఐటమ్స్ లిస్టు పంపితే, "అన్నా, లేనివి కూడా రాసినోణ్ణి మొదటిసారి చూస్తున్నా" అన్నాడు. నేను 2,30,000 అడిగాను, 2,15,000కి తెగింది. ఒక తమాషా ఉంది. నంబర్ ప్లేటు మీద ఏపీ 20 అని ఉంది కదా, ఆంధ్రా బండే, ఎన్ఓసీ అక్కర్లేదు అనుకున్నాడు. ఏపీ 20 అంటే ఖమ్మం. 2014 తర్వాత ఆ రికార్డులు తెలంగాణవి. ప్లేటు ఆంధ్రాది, కాగితం తెలంగాణది! ఫారం 28 పెట్టి ఎన్ఓసీ తీయించాకే బండి కదిలింది. డెలివరీ రోజు తేదీ, టైము, బండి ఏ స్థితిలో ఉందో, లిస్టుతో సహా రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం. డబ్బు మొత్తం బ్యాంకు ద్వారానే.

వచ్చిన రోజు అతనితో, అతని మెకానిక్‌తో రెండు గంటలు కూర్చుని కేటీ ఇచ్చాను, ఆఫీసులో ఇచ్చినట్టే. ఏ కవర్లో ఏముంది, ఎక్కడ నేను తప్పు చేసి ఉండొచ్చు అని. నాలుగు నెలలు పట్టింది వాళ్ళకి. పోయిన వారం ఆర్‌సీ ఫోటో పంపాడు, అతని పేరుతో. ముందు మాస్టారికి ఫార్వర్డ్ చేశాను.

మొన్న షెడ్డు ఊడుస్తుంటే గోడ మూల పాత హార్లిక్స్ సీసా ఒకటి దొరికింది. లోపల షిమ్‌లు. పాడేరుకి కొరియర్ చేశాను. వాళ్ళు ఈపాటికి కొత్తవి వేసేసి ఉంటారు, అయినా సరే. ఉంటాను ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.