చేయి ఒకరిది, పేరొకరిది

గొల్లపల్లి వంటి ఊళ్లలో కుమ్మరి వాకిట సారె తిరుగుతున్నప్పుడు చూచేవారి కన్ను సారె మీదనే నిలుస్తుంది. చెరువు నుండి బంకమన్ను మోసుకొని వచ్చినది ఎవరు, రాళ్లు ఏరి మన్ను తొక్కి పదును చేసినది ఎవరు, కాలిన కుండలను గంపకెత్తుకొని సంతకు నడిచినది ఎవరు అని అడిగేవారు అరుదు. ఆ పనులలో పెక్కు ఇంటి ఇల్లాలివే. అయినను కుమ్మరి అనగానే మనసుకు తోచేది సారె ముందు కూర్చున్న పురుషుడు. కమ్మరి కొలిమి వద్ద తిత్తి లాగి, సమ్మెట ఎత్తే ఇల్లాలి సంగతీ, మగ్గం పక్కన రాట్నం మీద కండెలు చుట్టే చేనేత స్త్రీ సంగతీ ఇంతే. చేయి ఒకరిది, పేరు మరొకరిది.

ఇది గతించిన కాలపు ముచ్చట కాదు. సిరిసిల్లలో చేమగ్గం పోయి మరమగ్గం వచ్చినా, యంత్రం ముందు నిలిచి నేసేది ఎక్కువగా పురుషులు. కండెలు చుట్టడం స్త్రీల వంతు. జగిత్యాల, కోరుట్ల వైపు పల్లెలలో వేలాది స్త్రీలకు బీడీలే జీవనాధారం. తునికాకును కొలతకు కత్తిరించి, పొగాకును సమంగా పరచి, చుట్టి, అంచు మడిచి, దారం కట్టే ఆ వేళ్ల నేర్పు సామాన్యమైనది కాదు. కూలి లెక్క వేయి బీడీలకు ఇంత అని. కాని ఆ నేర్పును ఏ పరీక్షాధికారీ కొలవలేదు. ఆ వేళ్లు రేపు విద్యుత్తు తీగ చుట్టవచ్చునని, సన్నని యంత్రభాగం అమర్చవచ్చునని ఆ ఇంటివారికే తోచదు.

మన దేశంలో వృత్తివిద్యకు పాఠశాల ఇల్లు, గురువు తండ్రి. ఈ ఏర్పాటులో నైపుణ్యం తరతరాలు నిలిచిన మాట నిజమే. కాని దాని తలుపు ఒక కులానికే, అందులోనూ కొడుకుకే తెరుచుకొన్నది. కమ్మరి కొలిమిలో ఇతర కులాల పిల్లవానికి చోటు లేదు. చెప్పులు కుట్టేవాని విద్యను నేర్వవలెనని ఇతరులు కోరలేదు. ఆ వృత్తివానిని మరొక విద్యకు రానిచ్చినవారూ లేరు. ఈ గోడను పాఠశాలలోనే పడగొట్టవలెనని 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించారు. చేతిపని ద్వారానే సమస్త విద్యనూ బోధించవలెననే ఆ పథకానికి పాఠ్యప్రణాళిక రచించిన సంఘానికి అధ్యక్షత వహించినవారు డాక్టర్ జాకిర్ హుస్సేన్. ఆయన 1897లో హైదరాబాదులో జన్మించారు. ప్రతి బాలుడూ, ప్రతి బాలికా ఒక చేతిపని నేర్వవలెననడంలో, ఏ పనీ ఒక కులపు సొత్తు కాదనే భావం ఇమిడి ఉన్నది.

స్వాతంత్ర్యానంతరం 1950లో శిల్పకారుల శిక్షణ పథకం ప్రారంభమైనది. నేడు ఐ.టి.ఐ. అని పిలిచే పారిశ్రామిక శిక్షణ సంస్థలు దాని సంతానమే. ఫిట్టరు, వెల్డరు, ఎలక్ట్రీషియను వంటి పనులు పుట్టుకతో నిమిత్తం లేకుండా నేర్వగల అవకాశం అక్కడ కలిగినది. కర్మాగారాలలో పని నేర్చుకొనే అభ్యాసకుల కొరకు 1961లో చట్టం వచ్చినది. 1973లో దానిని సవరించి షెడ్యూల్డు కులాలకు, తెగలకు స్థానాలు ప్రత్యేకించారు. 1977లో స్త్రీల కొరకు జాతీయ వృత్తి శిక్షణాలయం వెలసినది. అంగవికలుర హక్కుల చట్టం 2016లో వచ్చి, వృత్తిశిక్షణ పథకాలన్నిటిలో వారిని చేర్చుకొనే బాధ్యతను ప్రభుత్వాలపై ఉంచినది. కాగితం మీద చూచిన తలుపులన్నీ తెరిచియే ఉన్నవి.

మరి లోపలికి పోయేవారేరి? కుట్టుపని, కంప్యూటరు తరగతులలో కనుపించే బాలికలు ఫిట్టరు, వెల్డరు తరగతులలో వేళ్ల మీద లెక్కింపదగినంతమందే. దీనికి వారి అనాసక్తిని కారణంగా చెప్పడం తేలిక. కాని పల్లె నుండి పట్నానికి పోవలసిన పదహారేళ్ల పిల్ల దారిని ఒకసారి ఊహించి చూడవలెను. ఉదయం బస్సు దొరకవలెను. సాయంత్రం చీకటి పడక ముందే తిరిగి చేరవలెను. కార్యశాలలో ఆడపిల్లలకు వేరుగా మరుగుదొడ్డి ఉండవలెను. అక్కడి చేతితొడుగులు, బూట్లు పెద్ద మగవాని కొలతకు కుట్టినవైతే, ఆమె చేతిలో పరికరం జారుతుంది; జారినది తొడుగు వలననే అయినా, ఆడపిల్లకు ఈ పని చేతకాదనే మాట పుడుతుంది. తల్లి పక్కన కూర్చుండి బీడీలు చుట్టే పిల్ల శిక్షణకు పోయిననాడు ఆ ఇంటి కూలి తగ్గుతుంది. రెండేళ్ల తరువాత వచ్చే జీతం రేపటి బియ్యానికి అక్కరకు రాదు.

చెవిటి బాలుని సంగతి చూడుడు. గురువు నల్లబల్ల వైపు తిరిగి మాట్లాడితే, పెదవులను చూచి గ్రహించేవానికి పాఠం అక్కడితో ఆగుతుంది. యంత్రం లోపాన్ని ఇతరులు శబ్దం వలన పసికడతారు. అతనికి ఒక ఎర్రదీపం అమరిస్తే చాలును. కాలు లేనివానికి పనిబల్ల ఎత్తు మార్చవలెను. తెలుగుబడిలో చదివిన పేద పిల్లవానికి యంత్రభాగాల పేర్లు ఇంగ్లీషులో వచ్చిపడితే, చేయి గ్రహించినదానిని పరీక్షలో కలం చెప్పలేదు. ఇవన్నీ ధనంతో కంటె శ్రద్ధతో తీరే కొరతలు.

ఈ శ్రద్ధకు తెలుగునాట గొప్ప నిదర్శనం దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం. 1909 జులై 15న రాజమహేంద్రవరంలో జన్మించిన ఆమె, వయసు దాటిన తరువాతనే ప్రైవేటుగా మెట్రిక్ చదివి, ఎం.ఏ. అయి, న్యాయవాది అయినారు. ఆ కష్టం తెలిసినది కనుకనే మద్రాసులో బాలికలను బెనారసు మెట్రిక్ పరీక్షకు సిద్ధం చేసే చిన్న ప్రయత్నంతో మొదలిడి, 1937లో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలైనారు. అప్పుడు పల్లెలకు గ్రామసేవికలు, ఉపాధ్యాయినులు, నర్సులు కావలసి ఉన్నారు. పని చేయగల స్త్రీలున్నారు, కాని వారికి తగిన చదువు లేదు. అర్హత లేదని వారిని తిప్పి పంపడానికి బదులు, పెద్ద వయసు స్త్రీలు పలు తరగతుల చదువును కొద్దికాలంలో పూర్తి చేయగల సంక్షిప్త విద్యాక్రమాన్ని మండలి 1958లో ప్రవేశపెట్టినది. చదువు ప్రమాణం తగ్గలేదు. చదువుకొనే పద్ధతి నేర్చుకొనేవారి బ్రతుకుకు తగినట్లు మారినది. యువజన నైపుణ్య దినంగా ఐక్యరాజ్యసమితి 2014లో ఎంచుకొన్న తేదీ కూడా జులై 15 కావడం యాదృచ్ఛికమే అయినా, తెలుగువారు స్మరింపదగిన విషయం.

మరల కుమ్మరి వాకిటికి వద్దాము. 2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం విశ్వకర్మ పథకాన్ని ప్రారంభించినది. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, చర్మకారుడు, రజకుడు మొదలైన 18 వృత్తులవారికి శిక్షణ, శిక్షణ నాళ్లలో దినానికి 500 రూపాయలు, పనిముట్ల కొరకు 15,000 రూపాయలు దానిలో కలవు. శిక్షణ కాలపు కూలి నష్టాన్ని గుర్తించడం నిజంగా మెచ్చదగినది. అయితే ఒక నిబంధన ఆలోచింపదగినది: భర్త, భార్య, పెండ్లికాని పిల్లలు గల కుటుంబంలో ఒక్కరికే నమోదు. ఇంటింటికీ కొంత అందవలెననే ఉద్దేశం సమంజసమే కావచ్చును. కాని మన్ను తొక్కిన చేతులు రెండు, సారె తిప్పిన చేతులు రెండు ఉన్న ఇంట ఆ ఒక్క పేరు ఎవరిది కాగలదో చెప్పనక్కరలేదు. తరతరాల వాడుక అక్కడ మరొకసారి సంతకం చేస్తుంది.

ఈ వాడుకను మార్చే పనిలో ఉపాధ్యాయుని పాలు చిన్నది కాదు. ఎనిమిదవ తరగతి తరువాతనో, పదవ తరగతి తరువాతనో పిల్లలు ఐ.టి.ఐ. దారి పట్టవచ్చును, ఆ దారి ఉన్నదని చెప్పేవారు బడిలోనే ఉండవలెను. చదువులో వెనుకబడినవానికి శిక్షగా కాక, చేతి తెలివి గలవానికి గౌరవంగా ఆ మాట చెప్పవలెను. బాలికను కుట్టుమిషను వైపు, బాలుని వెల్డింగు వైపు పంపే ముందు ఎవరి ఆసక్తి ఎటున్నదో ఒకసారి అడగవలెను.

అంతకంటె ముందు చేయదగిన పని మరొకటి ఉన్నది. తరగతిలో తల్లిదండ్రుల వృత్తి అడిగినప్పుడు పిల్లలు తండ్రి పని చెప్పి, తల్లి విషయంలో “ఏమీ చేయదు సార్, ఇంట్లోనే ఉంటది” అంటారు. ఆ తల్లి తెల్లవారుజామున లేచి వంట ముగించి, చాట ముందు పెట్టుకొని వేయి బీడీలు చుట్టి ఉంటుంది. “మీ అమ్మ చేతులు దినమంతా ఏం చేస్తాయో రేపు చూచి వచ్చి చెప్పు” అని ఉపాధ్యాయుడు ఆ పిల్లవానిని పంపితే చాలును. మరునాడు వాడు తెచ్చే జవాబును హాజరుపట్టీలో తండ్రి వృత్తి పక్కన వ్రాసిననాడు, ఆ చేతికి మొదటిసారి ఒక పేరు వచ్చినట్లగును.