ఒకే మీట, నాలుగు రూపాలు

తమిళనాడులోని పెన్నాగరంలో తమిళంతో పాటు తెలుగు, కన్నడం, ఉర్దూ కూడా చెవిన పడుతుంటాయి. కంప్యూటర్ క్లాసులో, ఇంట్లో ఉర్దూ చదువుకునే పిల్లవాడొకడు అడిగాడు: “సార్, మా ‘బే’ని పదం మొదట ఒకలా, మధ్యలో ఒకలా, చివర ఇంకోలా రాస్తాం. ఫోన్‌లో మాత్రం దానికి ఒకటే మీట. ఏది కావాలో ఫోన్‌కెలా తెలుస్తుంది?” అరబ్బీ లిపి కంప్యూటర్‌లోకి వచ్చిన కథలో అసలు కీలకం ఇదే.

ఫోన్ దాచుకునేది అక్షరాన్నే, ఆకారాన్ని కాదు. యూనికోడ్‌లో బే సంఖ్య 0628. పదంలో ఎక్కడ వచ్చినా మెమరీలో చేరేది అదే. ఆకారం తెర మీద చూపేటప్పుడు తేలుతుంది. తేల్చే పద్ధతి ఎంత ముచ్చటైనదో చూడండి. ప్రతి అక్షరానికీ ఒక స్వభావం ముందే రాసిపెట్టారు. బే, తే, కాఫ్ లాంటివి రెండు పక్కలకూ చేయి చాస్తాయి. అలిఫ్, దాల్, రే, వావ్ లాంటివి తమ ముందున్న అక్షరంతో కలుస్తాయే గానీ తర్వాతి దానికి చేయి ఇవ్వవు.

‘కితాబ్’ తీసుకుందాం. ఉర్దూలో కాఫ్, తే, అలిఫ్, బే; హ్రస్వమైన ఇకారం మామూలుగా రాయరు. కాఫ్‌కి ముందు ఎవరూ లేరు, తర్వాత తే ఉంది కనుక మొదటి రూపం. తేకి రెండు పక్కలా తోడుంది, మధ్య రూపం. అలిఫ్ తేతో కలిసి అక్కడే ఆగుతుంది కాబట్టి, పదం ఇంకా మిగిలి ఉన్నా దానిది చివరి రూపం. ఇక బే పదంలో ఆఖరిదే, అయినా అలిఫ్ చేయి ఇవ్వలేదు, అందుకని ఒంటరి రూపం. నాలుగు అక్షరాల పదంలో నాలుగు రూపాలూ వచ్చేశాయి! అదే ‘సబ్’లో సీన్ చేయి ఇస్తుంది, బేకి చివరి రూపం దక్కుతుంది. మధ్యలో జేర్, జబర్ అనే అచ్చు గుర్తులున్నా వాటిని లేనట్టే దాటి అసలు పొరుగును చూడాలన్నది ఇంకో నియమం.

దీనికి పోటీ దారి కూడా ఉండేది. టైప్‌రైటర్‌లో మీటలు ఆకారాలకే. ఏది కొట్టాలో టైపిస్టే చూసుకోవాలి. ఉర్దూకి ప్రాణమైన నస్తలీఖ్ రాతలో పదం పైనుంచి వాలుగా ఎడమకు దిగుతుంది కాబట్టి చిక్కు మరీ ఎక్కువ. చెన్నైలో 1927లో పుట్టిన ‘ది ముసల్మాన్’ పత్రిక కంప్యూటర్లొచ్చాక కూడా కాతిబుల (లేఖకుల) చేతిరాతనే నమ్ముకుంది. పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ సుమారు 20,000 అక్షరాల కూర్పులను చేత్తో గీయగా, మోనోటైప్ యంత్రం కోసం 1981లో నూరీ నస్తలీఖ్ తయారైంది. ఆ శ్రమకు దండం పెట్టాలి. కానీ ఆ కూర్పుల్లో లేని కొత్త పదం వస్తే ఇబ్బందే. నా మొగ్గు, అక్షరాన్నే దాచి రూపాన్ని నియమానికి వదిలే దారి పట్టిన జెరాక్స్ ఉద్యోగి జో బెకర్ వైపే. అరబిక్ వర్డ్ ప్రాసెసింగ్ మీద 1987లో వ్యాసం రాసిన ఆయనే మరుసటి ఏడు యూనికోడ్‌ను ప్రతిపాదించారు. పాత వ్యవస్థల కోసం రూపాలకు విడివిడి సంఖ్యలు యూనికోడ్‌లో ఓ మూల ఇప్పటికీ ఉన్నాయి. కొత్తగా రాసేవారికి వాటితో పని లేదు.

నియమాన్ని ఒక్కచోట ఆపాల్సి వస్తే? పారశీకంలో క్రియ ముందు వచ్చే ‘మీ’ పదంలో భాగమే, కానీ తర్వాతి అక్షరానికి అతుక్కోకూడదు. ఖాళీ వదిలితే పదం రెండవుతుంది. అందుకు ‘ఇక్కడ కలపవద్దు’ అని చెప్పే, కంటికి కనబడని ఒక గుర్తు ఉంది. దాన్ని మనమూ వాడుకుంటున్నాం: ‘సాఫ్ట్వేర్’ కాకుండా ‘సాఫ్ట్‌వేర్’ అని పడేది దాని వల్లే. మన క, పొల్లు, ష కలిసి తెర మీద ‘క్ష’ కావడమూ ఇలాంటి ఏర్పాటే. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అని టైపు చేసిన ఒక అక్షరాల వరుస ఐఫోన్ యాప్‌లను కూల్చేసింది. అందులోనూ ఈ కనబడని గుర్తు ఉంది. ఆ నెలలోనే ఆపిల్ సవరణ పంపింది.

1991లో యూనికోడ్ తొలి సంపుటం వచ్చింది, ఆనక ఫోన్లలోకీ పాకింది. తెలంగాణలో ఉర్దూ 2017లో రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయింది. అలా ఉర్దూలో ఉండే అర్జీలూ రికార్డులూ కంప్యూటర్లో వెతికేటప్పుడు ఒక చిక్కు మిగిలే ఉంది. అరబ్బీ కాఫ్ 0643, ఉర్దూ కాఫ్ 06A9. పదం మొదట్లో, మధ్యలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. అరబ్బీ కీబోర్డుతో కొట్టిన ‘కితాబ్’ని ఉర్దూ కీబోర్డుతో వెతికితే, ఆ రెంటినీ ఒకటిగా చూడమని ప్రోగ్రాములో రాసి ఉంటేనే దొరుకుతుంది.