తెలుపొక్కటే అందం కాదు

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)

ఈవేళ కుక్కల పోటీల గురించి నాలుగు మాటలు చెబుతాను. "కుక్కలకి అందాల పోటీలేమిటే, చోద్యం కాకపోతే!" అని మా అత్తగారు మొదట్లో నవ్వారు. నేనూ అలాగే అనుకున్నదాన్నే. కానీ ఆ పోటీకి వెళ్ళబట్టే మా ఇంట్లో ఒక మూగజీవికి మేము చేస్తున్న అన్యాయం మాకు తెలిసివచ్చింది. అందుకే చెబుతున్నాను.

మా మల్లి రాజపాళయం జాతి కుక్క. రాజపాళయం తమిళనాడులో విరుదునగర్ జిల్లాలో ఉన్న ఊరు. పేరుకి తమిళదేశమే గానీ, ఆ ఊరి రాజులు ఇళ్ళల్లో మాట్లాడుకునేది తెలుగే. విజయనగర రాజుల కాలంలో మన వైపు నుంచి తరలివెళ్ళి అక్కడ స్థిరపడ్డ కుటుంబాలవి. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా పనిచేసిన కుమారస్వామి రాజాగారిది ఆ ఊరే. అడవిపందుల వేటకీ, తోటల కాపలాకీ ఆ రాజులు పెంచుకున్న కుక్కలే ఈ రాజపాళయాలు. 2005లో తపాలాశాఖవారు నాలుగు దేశవాళీ కుక్కల బొమ్మలతో స్టాంపులు వేశారు. వాటిలో ఇదీ ఒకటి.

చూడ్డానికి ఎంత అందమో! భుజం దగ్గర 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు, లోతైన ఛాతీ, లోపలికి లాగినట్టుండే పొట్ట, పొట్టి నున్నని వెంట్రుకలు. పాలమీగడలాంటి తెలుపు, గులాబీరంగు ముక్కు ఈ జాతికి పేరు తెచ్చిన గుర్తులు. మల్లెపువ్వులా ఉందని మా అత్తగారే దానికి మల్లి అని పేరు పెట్టారు.

ఇక పోటీ సంగతి. మామూలు ప్రదర్శనల్లో అన్ని జాతుల కుక్కలూ వస్తాయి. స్పెషాలిటీ షో అంటే ఒక్క జాతికే ప్రత్యేకించి జరిపేది. వందల సంఖ్యలో అల్సేషియన్లూ లాబ్రడార్లూ వచ్చేచోట ఒకటో రెండో రాజపాళయాలుంటే వాటిని పట్టించుకునేదెవరు? అదే, ఇరవై రాజపాళయాలు ఒక్కచోట నిలబడితే ఆ జాతి ఎలా ఉందో, ఎటు పోతోందో ఒక్క చూపులో తెలుస్తుంది. అరుదైన జాతులకి ఇలాంటి పోటీలు మరీ అవసరం.

జడ్జి ఒక కుక్కని ఇంకో కుక్కతో పోల్చి చూస్తారని మనం అనుకుంటాం. అది సగమే నిజం. ప్రతి జాతికీ "ఇది ఇలా ఉండాలి" అని రాసిపెట్టిన లక్షణాల పట్టిక ఒకటుంటుంది. దాన్ని స్టాండర్డు అంటారు. మన దేశంలో ఆ పనీ, వంశవృక్షాల నమోదూ చెన్నైలో ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియావారు చూస్తారు. జడ్జిగారు ఆ పట్టికని మనసులో పెట్టుకుని, ఎదురుగా ఉన్న కుక్క దానికి ఎంత దగ్గరగా ఉందో చూస్తారన్నమాట.

మొదట కుక్కల్ని వయసునిబట్టి, ఆడా మగానిబట్టి తరగతులుగా విడదీస్తారు. ఒక్కొక్కటిగా దగ్గరికి రప్పించి, పెదవి ఎత్తి పళ్ళు చూస్తారు. ఎదిగిన కుక్కకి 42 పళ్ళుండాలి. తల, మెడ, భుజాలు, వీపు చేత్తో తడిమి ఎముకల అమరిక తెలుసుకుంటారు. తరవాత నడిపిస్తారు, పరుగెత్తిస్తారు. ముందునుంచీ, వెనకనుంచీ, పక్కనుంచీ చూస్తారు. నిలబెట్టినప్పుడు దాచిన లోపాలు నడకలో దాగవు. బట్టల షాపులో మడతమీద చీర బాగానే ఉంటుంది, విప్పి చూస్తేనే కదా అసలు సంగతి తెలిసేది!

మల్లికి ఏడాదిన్నర వయసులో మా అబ్బాయి దాన్ని పోటీకి తీసుకెళ్ళాడు. అప్పటికే దాని పిల్లలు కావాలని నలుగురు మాతో చెప్పి ఉంచారు. మావారికి గొప్ప ఉత్సాహంగా ఉంది. ఒక్కటే చిక్కు. మల్లి ఉత్త మొండిది. పిలిస్తే పలకదు, "వద్దు" అంటే ఆగదు. ఎన్నిసార్లు తిట్టామో, ఎన్ని దెబ్బలు వేశామో చెప్పుకోవడానికే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

రింగులో తొమ్మిది కుక్కలు వరసగా నిలబడ్డాయి. అందరి కళ్ళూ మల్లిమీదే. అంత తెలుపు మరి! సరిగ్గా అప్పుడు వెనకవైపు మైకు కీచుమని అరిచింది. ఎనిమిది కుక్కలు తలలు తిప్పి చూశాయి. మల్లి మాత్రం మా అబ్బాయి చేతిలో బిస్కెట్టువంకే చూస్తూ నిలబడింది. జడ్జిగారు అది గమనించారు.

మల్లికి మూడో స్థానం వచ్చింది. మేము ముఖాలు చిన్నబుచ్చుకున్నాం. పోటీ అయ్యాక ఆ పెద్దాయన మమ్మల్ని పక్కకి పిలిచి, "అమ్మా, దీన్ని ఎప్పుడైనా కనబడకుండా వెనకనుంచి పిలిచి చూశారా?" అని నెమ్మదిగా అడిగారు. నా గుండె జారిపోయింది. మర్నాడు పశువుల డాక్టరుగారు పరీక్షించి, మల్లికి రెండు చెవులూ వినపడవని తేల్చారు. అది మొండిది కాదు, పాపం, చెవిటిది.

తెలుపుకీ చెవుడుకీ సంబంధమేమిటి అంటారా? ఒంటికి రంగునిచ్చే కణాలే లోపలి చెవిలోనూ ఉంటాయి. అక్కడ ఒక పొరకి రక్తప్రసారం సక్రమంగా సాగడానికి అవి కావాలి. మరీ తెల్లని కుక్కల్లో ఆ కణాలు చెవిదాకా చేరకపోతే, పుట్టిన మూడు నాలుగు వారాలకే ఆ పొర క్షీణించి, వినికిడి నరాల కణాలు చచ్చిపోతాయి. మళ్ళీ రావు. మందూ లేదు. ఇది రాజపాళయాలకే వచ్చిన కష్టం కాదు. నల్లచుక్కల డాల్మేషియన్లలో అమెరికాలో లెక్కతీస్తే నూటికి ముప్పైదాకా ఒక చెవో, రెండు చెవులో వినపడనివే. తమాషా చూడండి, పుట్టుకతోనే పెద్ద నల్లమచ్చ ఉన్న డాల్మేషియన్‌కి చెవుడు వచ్చే అవకాశం తక్కువ. కానీ ఆ మచ్చే పోటీలో పెద్ద లోపం!

ఇప్పుడు తెలిసిందా జడ్జి బాధ్యత? ఏటా తళతళలాడే తెలుపుకే కప్పు ఇస్తూపోతే, జనం ఆ తెలుపు పిల్లల కోసమే ఎగబడతారు. రంగు మచ్చతో పుట్టిన పిల్లల్ని పూర్వం కొందరు ఉంచుకునేవారే కారట. అలాగని చెవుడు కనబడిన ప్రతి వంశాన్నీ ఒక్కసారే పక్కనపెట్టేస్తే? అరుదైన జాతి కదా, ఉన్నవే కొద్ది. మిగిలిన కాసిని కుక్కలూ దగ్గర చుట్టాలై, మేనరికాలు ముదిరి, కొత్త జబ్బులు పుట్టుకొస్తాయి. అందుకే మంచి జడ్జి ఒక్క రంగు చూసి మురిసిపోరు. నడక, ఒడ్డు పొడుగు, చురుకుదనం, నిదానమైన స్వభావం అన్నీ కలిపి తూకం వేస్తారు. ఆయన ఈ ఏడు ఎంచిన కుక్కల పిల్లలే వచ్చే ఏడు మన ఇళ్ళకి వస్తాయి.

కుక్కపిల్లని కొనాలనుకునేవారు ఒక పని చెయ్యండి. పిల్లకి ఐదారు వారాలు నిండాక, అది అటు తిరిగి ఉన్నప్పుడు దూరంగా నిలబడి గిన్నె చప్పుడు చెయ్యండి. నేల అదరకూడదు, గాలి తగలకూడదు, మిగతా పిల్లలు పక్కన ఉండకూడదు. లేకపోతే వాటిని చూసి ఇదీ తిరుగుతుంది. ఒక చెవే పనిచేసే పిల్ల ఈ పరీక్షలో దొరకదు. దానికి ఒక్కో చెవిలో చప్పుడు వినిపించి మెదడు స్పందన నమోదుచేసే బేర్ పరీక్ష ఉంది. పెద్ద పశువైద్యశాలల్లో అడిగి చూడండి. తల్లినీ తండ్రినీ కూడా చూడందే బేరం కుదుర్చుకోకండి.

మల్లికి పిల్లల్ని పుట్టించే ఆలోచన మానుకున్నాం. నలుగురికీ ఉన్నమాట చెప్పేశాం. ఒకావిడకి కోపం కూడా వచ్చింది. ఇప్పుడు మల్లిని నోటితో పిలవం. చెయ్యి ఎత్తితే వస్తుంది, అరచెయ్యి చూపిస్తే కూర్చుంటుంది. రాత్రి లైటు రెండుసార్లు వేసి ఆర్పితే లోపలికి వస్తుంది. నిద్రపోతున్నప్పుడు ఉలిక్కిపడకుండా ముందు దాని ముక్కు దగ్గర చెయ్యి పెడతాం. గొలుసు లేకుండా మాత్రం వీధిలోకి వదలం.

మొన్న మా అత్తగారు దానికి అన్నం పెడుతూ, "ఇది మన మాట వినలేదని కొట్టాం గానీ, దీని మాట మనం విన్నామటే?" అన్నారు. నేనేం జవాబు చెప్పను?