కుండీలో దక్షిణాఫ్రికా

మీ డాబా మీద జేడ్ మొక్క ఉందా? ఒకసారి దగ్గరికెళ్లి చూడండి. కాడ ఎర్రగా ఉండి, ఆకు చిటికెనవేలి గోరంతే ఉంటే అది జేడ్ కాదు. నర్సరీలో ఆ పేరుతోనే అమ్ముతారు, మనమూ ఆ పేరుతోనే పెంచుతాం గానీ, అది పోర్టులకేరియా ఆఫ్రా. దక్షిణాఫ్రికావాళ్లు స్పెక్‌బూమ్ అంటారు, అంటే కొవ్వుచెట్టు. అసలు జేడ్ పేరు క్రాసులా ఒవాటా. దాని ఆకు పెద్దది, మందం. కాడ బూడిదరంగులో బొద్దుగా ఉంటుంది. రెండింటి పుట్టిల్లూ దక్షిణాఫ్రికా తూర్పు వైపే.

ఈ కొవ్వుచెట్టుకి ఏనుగంటే భయం లేదు, మేకంటేనే భయం. అక్కడి అడ్డో ప్రాంతంలో ఏనుగులు దీన్ని పైనుంచి మేస్తాయి. మేసేటప్పుడు విరిగి పడ్డ కొమ్మలు పడ్డచోటే వేరు తొడుగుతాయి, అడుగున పాకే కొమ్మలు పాకుతూనే ఉంటాయి. మేక కింది నుంచి మొదలుపెడుతుంది. పాకే కొమ్మలన్నీ పోయి చెట్టు గొడుగులా మిగులుతుంది, ఆ తర్వాత అదీ పోతుంది. మీరు కత్తెర పట్టుకుంటే ఏనుగునే గురువుగా పెట్టుకోండి. ఇంకో తమాషా: నీళ్లు సరిగా అందినన్నాళ్లూ ఇది మామూలు మొక్కలాగే పగలు గాలి పీలుస్తుంది. ఎండగట్టామా, ఆ పని రాత్రి చల్లబడ్డాక పెట్టుకుంటుంది.

పెరట్లో మే నెల జల్లు పడగానే ఆకైనా లేకుండా నేలలోంచి ఎర్రటి బంతి లేస్తుందే, మే పువ్వు అనీ ఫుట్‌బాల్ లిల్లీ అనీ పిలుస్తాం, అదీ మనది కాదు. స్కాడోక్సస్ మల్టిఫ్లోరస్. సెనెగల్ నుంచి దక్షిణాఫ్రికా దాకా దాని రాజ్యం. మా అమ్మమ్మగారింట్లో తులసికోట పక్కన ఉండేది. చలికాలానికి ఆకు కూడా మాయమయ్యేది, ఖాళీ స్థలమే కదా అని ఎవరో ఒకరు అక్కడ గునపం వేసి గడ్డని రెండు ముక్కలు చేసేవారు. పెళ్లి స్టేజీల మీద గుచ్చే జెర్బెరా? దక్షిణాఫ్రికాలోని బార్బర్టన్ కొండలది. గ్లాడియోలస్ జాతుల్లో ఎక్కువ భాగమూ ఆ దేశానివే. అమరిల్లిస్ అని మనం కొనే గడ్డ మాత్రం దక్షిణ అమెరికాది, దాని పేరు హిప్పియాస్ట్రమ్. నిఖార్సైన అమరిల్లిస్ దక్షిణాఫ్రికా కొసన ఉన్న కేప్ ప్రాంతంలో, ఆకులన్నీ ఎండి రాలాక ఒట్టి కాడ మీద పూస్తుంది.

ఇక రాళ్ల సంగతి. 1811లో విలియం బర్చెల్ అనే ఆయన దక్షిణాఫ్రికాలోని ప్రీస్కా దగ్గర నేల మీద ఒక వింత గులకరాయి కనిపిస్తే చేతికి తీసుకున్నాడు. తీరా చూస్తే అది మొక్క! లిథాప్స్ అనే పేరు పెట్టింది ఎన్.ఇ.బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, అదీ 1922లో. గ్రీకులో రాయిమొహం అని అర్థం. మొక్క మొత్తం రెండే ఆకులు, మధ్యలో ఒక చీలిక. అడవిలో ఒళ్లంతా నేలలోనే ఉండి, నెత్తి ఒక్కటే పైకి కనిపిస్తుంది. ఆ నెత్తి మీది అద్దంలాంటి పొర గుండా వెలుగు లోపలికి దిగి, భూమిలో ఉన్న పచ్చటి గోడలకి తగులుతుంది. పాత పెంకుటిళ్ల కప్పుకి అద్దం పెంకు పెట్టేవారు చూడండి, అదే ఏర్పాటు.

ఏటా ఆ చీలికలోంచి కొత్త జత ఆకులు వస్తాయి. పాత జతలోని నీళ్లన్నీ కొత్తజత పీల్చేసుకుంటుంది, పాతవి కాగితంలా ఎండి అంటుకుపోతాయి. అన్నాళ్లూ చుక్క నీరు పోయకూడదు. నాకు ఆ సంగతి తెలిసేసరికి ఆలస్యమైంది. పాత ఆకులు ముడతలు పడుతుంటే దాహమేమో అనుకుని గ్లాసుడు నీళ్లు పోశాను. వారంలో వేలితో తాకితే మాగిన సపోటాలా లోపలికి దిగింది. రెండోదాన్ని హైదరాబాదు జూలై ముసురు తీసుకుపోయింది. మూడోది ఉంది: ముప్పాతిక వంతు గరుకు ఇసుక, చిన్న రాళ్లు, పావు వంతు ఎర్రమట్టి, వాన పడని కిటికీ గట్టు.

లిథాప్స్ ఎండుకాయ దొరికితే ఒక ఆట ఆడొచ్చు. ఇంకుఫిల్లర్‌తో రెండు చుక్కలు వేసి కళ్లార్పకుండా చూడండి. నిమిషాల్లో రేకులు పువ్వులా విప్పుకుంటాయి. ఇంకో చుక్క పడితే ఆవగింజలో పదో వంతైనా లేని విత్తనాలు చింది బయటపడతాయి. తడి ఆరితే తలుపులు మళ్లీ మూతపడతాయి. ఎడారిలో నిజంగా వానొచ్చిన రోజే విత్తనం బయటికి రావాలి, అదీ దాని లెక్క. అన్నట్టు, ఆన్‌లైన్‌లో నీలం రంగు లిథాప్స్ బొమ్మ చూపించి విత్తనాలమ్మితే కొనకండి. నీలం లిథాప్స్ లేదు.

సేకర్తల దగ్గర లిథాప్స్ కుండీకి పేరుతో పాటు ఒక నంబరు ఉంటుంది. అది కోల్ నంబరు. డెస్మండ్ కోల్, ఆయన భార్య నౌరీన్ ఏళ్ల తరబడి తిరిగి, ఏ గుంపు ఎక్కడిదో రాసుకుని ఒక్కోదానికి ఒక్కో నంబరిచ్చారు, దాదాపు 400 గుంపులకి. కోల్ వృత్తిరీత్యా వృక్షశాస్త్రజ్ఞుడు కాదు. త్స్వానా భాషకి 1955లో వ్యాకరణం రాసిన పండితుడు!

కేప్ పడమటి వైపు వానలు చలికాలంలో పడతాయి. అక్కడి గడ్డలు చలిలో ఆకు వేసి, ఎండాకాలమంతా నేలలో పడుకుంటాయి. మన ఋతువులు వాటికి పూర్తిగా తలకిందులు. తూర్పు వైపు వేసవి వానల మొక్కలు మన దగ్గర ఇట్టే ఒదిగిపోవడానికి, పడమటివి మారాం చేయడానికి కారణం ఇదే.

పొగ పెడితే మొలిచే విత్తనాలున్నాయి. కార్చిచ్చుకి అలవాటుపడ్డ కేప్ మొక్కలకి పొగే మేలుకొలుపని 1990లో డి లాంగె, బూషే అనే ఇద్దరు చూపించారు. ఆ పైన కిర్‌స్టెన్‌బోష్ ఉద్యానం వాళ్లు పొగ పట్టించిన కాగితాలే అమ్మారు: నీళ్లలో వేసి, ఆ నీళ్లలో విత్తనం నానబెట్టడమే. అక్కడి ఫైర్ లిల్లీ ఒకటి కొండ తగలబడితే తప్ప పూయదు. తగలబడ్డాక రెండు వారాల్లోపే బొగ్గుల మధ్య ఎర్రగా లేస్తుంది.

తేనెటీగని నమ్ముకోని పువ్వులు అక్కడ బోలెడు. మాసోనియా గడ్డ రెండాకులూ నేలకి పరిచి, నడుమ జెల్లీలాంటి తేనె పెట్టుకుని రాత్రిపూట ఎలుకల కోసం చూస్తుంది. ఒంటికి నాలుగు రెట్లు పొడవున్న తొండం వేసుకుని తిరిగే ఈగ ఒకటుంది, దాని కొలతకే గొట్టాలు సాగదీసుకున్న పూలున్నాయి. అన్నిటికంటే నాకు ముద్దొచ్చేది బాబియానా రింజెన్స్. పూలు నేలబారున ఉంటాయి. తేనెపిట్ట వాలడానికని ఒక కాడని మొండిగా, పువ్వు లేకుండా పైకి పెంచుతుంది. పిట్ట ఆ కాడ మీద తలకిందులుగా వేలాడి తాగుతుంది. కాడ తీసేస్తే గింజలు తగ్గిపోతాయని పరీక్షించి చూశారు.

అక్కడిదే క్లైవియా అనే నారింజరంగు పువ్వు పేరు వెనక మన చరిత్ర ఉంది. 1828లో వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ లిండ్లీ ఆ పేరు పెట్టింది షార్లట్ క్లైవ్ అనే ఆవిడ గౌరవార్థం. ప్లాసీ యుద్ధం గెలిచిన రాబర్ట్ క్లైవ్‌కి మనవరాలు. ఆవిడ తండ్రి ఎడ్వర్డ్ క్లైవ్ 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. 1800లో నిజాం దత్తమండలాలు, అంటే నేటి రాయలసీమలో చాలా భాగం, ఈస్టిండియా కంపెనీకి ధారపోసింది ఆయన హయాంలోనే. చిన్న షార్లట్ కూడా ఆ హయాంలో కొంతకాలం మద్రాసులో ఉంది.

రాయలసీమ అంటే గుర్తొచ్చింది: కుందేటికొమ్ము! లేనిదానికి ఉపమానంగా వాడే ఆ మాట మన రాళ్లగుట్టల మీద నిజంగానే మొలుస్తుంది, కారల్లుమా అనే నాలుగు పలకల కాడగా. కాపరులు దాన్ని పచ్చిగానే నమిలేవారు. దక్షిణాఫ్రికా హూడియా దాని చుట్టమే; వేటకెళ్లే సాన్ జనం ఆకలి చంపుకోడానికి దాన్నే నమిలేవారు. ఆ గుణం మీద అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ పేటెంటు తీసుకుని, గొడవయ్యాక 2003లో సాన్ ప్రజలకి వాటా ఒప్పుకుంది. ఇంకో చుట్టం స్టపేలియా జైగాంటియా: 30 సెంటీమీటర్లకి పైబడ్డ పువ్వు, కుళ్లిన మాంసం వాసన. మాంసమే అనుకుని ఈగలు గుడ్లు పెట్టిపోతాయి, పిల్లలు తిండిలేక చస్తాయి. పూజగదికి దగ్గరగా పెట్టకండి. వీళ్లందరిదీ మన జిల్లేడు కుటుంబమే.

సేకరణ పిచ్చికి మూల్యం కూడా ఉంది. బంతిలా గుండ్రంగా ఉండే యుఫోర్బియా ఒబేసాని 1903లో హుకర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు లోకానికి పరిచయం చేశాడు. కొద్దికాలంలోనే సేకర్తలు అడవిలో దాదాపు ఊడ్చేశారు. 2019 తర్వాత వంతు కోనోఫైటం అనే బఠాణీ గింజంత మొక్కలది, రాతి చీలికల్లోంచి గోనెసంచులకి ఎక్కుతున్నాయి.

దానికి పూర్తి వ్యతిరేకం వియన్నాలో షోన్‌బ్రున్ కోటలో జరిగింది. 1780ల చివర్లో చక్రవర్తి తోటమాలులు కేప్ నుంచి పంపిన ఒక ఫోకియా దుంప కుండీలో పెరిగింది. మళ్లీ ఎక్కడా కనిపించకపోయేసరికి ప్రపంచంలో అదొక్కటే మిగిలిందనుకున్నారు. 20వ శతాబ్దం మొదట్లో దక్షిణాఫ్రికాలోని కరూ ప్రాంతంలో దాని జాతివాళ్లు దొరికారు. కుండీలోది ఇంకా బతికే ఉంది. అదీ జిల్లేడు చుట్టమే.