ఏటా ఒక్క కొత్త బొమ్మ

అమ్మ బొమ్మల కొలువు పుస్తకంలో నలభై పైచిలుకు సంక్రాంతులు. ఎడమ పేజీలో కొన్నవి, కుడి పేజీలో పంచినవి.

ఈ సంచిక అట్ట మీదున్న ఎద్దును ఇంకోసారి చూడండి. కుడి కొమ్ము నున్నగా, నల్లగా నిగనిగలాడుతోంది. ఎడమ కొమ్ము కాస్త లావుగా, మసకగా ఉంది. కుడిది కొండపల్లిలో చేసింది. ఎడమది మా వంటింట్లో అమ్మ చేసింది, చింతగింజల జిగురుతో.

నాకు అప్పగించిన పని వేరు. "సంక్రాంతి కానుకలు. ఇంట్లో చేసుకునేవి, మన ఊళ్లల్లో చేసేవి. ఏవి కొంటున్నారు, ఎక్కడ దొరుకుతున్నాయి. పది రోజుల్లో కావాలి" అన్నారు ఎడిటర్ గారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. దుకాణాల పట్టీ రాసుకున్నాను, ఫోన్లు చేశాను, ధరలు అడిగాను. నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు, కొలువు పెట్టెలు దింపాలి రమ్మని అమ్మ కబురు చేస్తే వెళ్లాను. అటక మీది ట్రంకు పెట్టెలో, పాత చీరముక్కల్లో చుట్టిన బొమ్మల అడుగున, అట్ట ఊడిన నోటు పుస్తకం ఒకటి దొరికింది. ఆ పూటే దుకాణాల పట్టీ మడిచి జేబులో పెట్టేశాను.

పుస్తకం తెరిస్తే ఏడాదికి రెండు పేజీలు. ఎడమ పేజీ పైన సంవత్సరం, దాని కింద ఆ ఏడు కొన్న బొమ్మ. కుడి పేజీలో పేరంటానికి వచ్చినవాళ్ల పేర్లు, ఎవరికి ఏమిచ్చిందీ. మొదటి పద్దు 1983, అమ్మ కాపురానికి వచ్చిన మరుసటి సంక్రాంతిది: "అంబారీ ఏనుగు." 1984లో తాటిచెట్టు, దాని మీద కల్లు గీసే మనిషి. 1985లో "మత్స్యం, కూర్మం" అని రెండే ఉన్నాయి. దశావతారాలు మొత్తం ఒక్కసారి కొనే స్తోమత లేదు. అడిగితే విడిగా ఇచ్చారట. మరుసటి ఏడు వరాహం, ఆపై ఏడు నరసింహుడు. 1988లో ఎడ్లబండి వచ్చి అవతారాల వరస ఆగింది. అప్పటికి నాకు నాలుగేళ్లు. బండి కావాలని నేను ఏడ్చానట. వామనుడు నా మూలంగా ఒక ఏడాది ఆలస్యమయ్యాడు. పదో అవతారం మెట్టెక్కింది 1994లో. ఆ పద్దు పక్కన అమ్మ చిన్న పసుపు బొట్టు పెట్టుకుంది.

కొలువు పెట్టే ఇళ్లల్లో అందరికీ తెలిసిన నియమం ఇది. మెట్లు బేసిసంఖ్యలో ఉండాలి, ఏటా ఒక్కటైనా కొత్త బొమ్మ చేరాలి. మెట్ల లెక్క గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. ఆ రెండో నియమం మాత్రం ఈ పుస్తకం చూశాకే నాకు అర్థమైంది. కొలువు పెట్టే ప్రతి ఇల్లూ బొమ్మలు చేసే ఊరికి ఏటా ఒక బేరం బాకీ ఉన్నట్టే. ఎవరూ కాగితం రాసుకోలేదు, బయానా ఇవ్వలేదు. అయినా పుష్యమాసం వచ్చేసరికి ఎవరో ఒకరు వచ్చి ఒక్క బొమ్మ పట్టుకెళ్తారని చేసేవాళ్లకు తెలుసు. వాళ్ల మీద జాలితో కొనడం కాదు, మన పండగకు అవసరమై కొనడం. ఆ తేడా చాలా పెద్దదని నా నమ్మకం.

ఒక్క ఏడాది పద్దు వేరేగా ఉంది. 1997. నాన్న పనిచేసే మిల్లు మూతపడిన ఏడాది. "ఈ ఏడు కొనలేదు. చేశాను." అంతే రాసింది. ఏం చేసిందో రాయలేదు గానీ నాకు తెలుసు. తన పాత రవిక విప్పి కుట్టిన గుడ్డబొమ్మ. లోపల దూది, జుట్టుకు నల్ల ఉన్ని, కళ్లకు కాటుక. చేతిలో అగ్గిపుల్లలతో కట్టిన చీపురు. అంబారీ ఏనుగుకూ దశావతారాలకూ ముందు, కింది మెట్టు మీద, ఇప్పటికీ దానికి చోటు ఉంది. ఆ ఏడు పేరంటానికి వచ్చినవాళ్లు ముందు దాని దగ్గరే ఆగారని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. కొనడం ఆగినా చేయడం ఆగకూడదని ఆవిడ పట్టుదల.

ఇక కుడి పేజీలు. మొదటి ఇరవై ఏళ్లు ఒకే తీరు: తాంబూలం, నానబోసిన శనగలు, పసుపు కుంకుమ, ఒక్కో ఏడాది రవికల గుడ్డ. ఒకచోట మాత్రం, "పక్కింటి కొత్త కోడలికి కోడిపుంజు. మొదటి కొలువు." కొలువు మొదలుపెట్టే పిల్లకు ఒక బొమ్మ ఇచ్చి పంపడం అమ్మకు అలవాటు. పుస్తకంలో అలాంటి పద్దులు పదకొండు లెక్కపెట్టాను. ఆ పదకొండు ఇళ్లూ ఆ తర్వాత ఏటా ఒక్కటి కొన్నాయనుకోండి, కొండపల్లికి ఎన్ని బేరాలు! 2000 దాటాక కుడి పేజీ మారింది. "స్టీలు గిన్నె", ఆపై "ప్లాస్టిక్ డబ్బా", "జిప్పు సంచి". ఇప్పుడు వీటికి రిటర్న్ గిఫ్టులని పేరు. మా ఇంట్లోనే అలాంటి డబ్బాలు ఒక అరనిండా ఉన్నాయి. ఏది ఎవరిచ్చారో ఒక్కదానికీ గుర్తు లేదు. కోడిపుంజు ఇచ్చిన సంగతి మాత్రం ఆ కోడలికి, ఇప్పుడావిడ అత్తగారు, ఇంకా గుర్తుంది.

మళ్లీ ఎద్దు కొమ్ము దగ్గరకు వస్తాను. ఎందుకంటే ఈ బొమ్మ ఎలా పుడుతుందో ఆ కొమ్ములోనే ఉంది. కొండపల్లి బొమ్మకు వాడేది తెల్ల పొణికి కర్ర. చేత్తో పట్టుకుంటే బెండులా తేలిగ్గా ఉంటుంది, ఉలి పెడితే మెత్తగా తెగుతుంది. పచ్చికర్రతో పని జరగదు. ఎండబెట్టాలి, సన్నని సెగ మీద కాచి లోపలి చెమ్మ అంతా పోగొట్టాలి. చెమ్మ మిగిలితే తర్వాత బొమ్మ చీలుతుంది. బాడిసతో చెక్కి, ఆకురాయితో అరగదీస్తారు. చేతులు, కాళ్లు, కొమ్ములు, తోక అన్నీ వేటికవే విడిగా చేసి అతుకుతారు. ఆ అతికే ముద్ద పేరు మక్కు. చింతగింజలు వేయించి పొట్టు తీసి, పొడి చేసి, నీళ్లతో ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపితే మక్కు. కీళ్ల సందుల్లో కూరేదీ అదే, మూపురమో ముక్కో తీర్చేదీ అదే. ఆరాక సున్నం పూత, ఆ తెలుపు మీద రంగులు. కళ్లు దిద్దే కుంచె మేక వెంట్రుకలది.

1991లో నేను బండి మీద కూర్చోబోతే ఎద్దు కొమ్ము విరిగింది. అమ్మ కొట్టలేదు. పులుసుకు చింతపండు పిసికినప్పుడల్లా తీసి దాచిన గింజలు డబ్బాలో ఉన్నాయి. వాటిని వేయించి, రోట్లో దంచి, జిగురు కాచింది. వీధి చివర వడ్రంగి దగ్గర గుప్పెడు రంపపు పొట్టు నాతోనే తెప్పించింది. బొమ్మ కొన్న రోజున దుకాణం అరుగు మీద చూసి నేర్చుకున్నానని చెప్పింది. చేసే చోటికి వెళ్లి కొనడంలో ఉన్న లాభం ఇదే. బొమ్మతోపాటు దాన్ని బాగుచేసుకునే విద్య కూడా ఇంటికొస్తుంది. ఫోన్లో నొక్కితే అట్టపెట్టెలో వచ్చే బొమ్మతో ఆ విద్య రాదు.

చరిత్ర రెండు ముక్కల్లో: విజయవాడ పక్కన, ఇప్పటి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న కొండపల్లిలో ఈ పని చేసేవాళ్లను ఆర్యక్షత్రియులంటారు. పూర్వీకులు నాలుగు వందల ఏళ్ల కిందట రాజస్థాన్ వైపు నుంచి వచ్చారని, తమ విద్యకు మూలపురుషుడు ముక్తర్షి అని చెప్పుకుంటారు. ఊరి పైన కొండ మీద కోట ఉంది. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టింది. తర్వాత గజపతులు, కృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు అందరూ దాన్ని ఏలారు. కోటలో ఇప్పుడు రాజులెవరూ లేరు. కింద బొమ్మల కాలనీలో ఉలి చప్పుడు ఇంకా వినిపిస్తోంది. ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

గుర్తింపు ఉన్నంత మాత్రాన కడుపు నిండదు. పొణికి కర్ర దొరకడం కష్టమైంది. చుట్టుపక్కల అడవుల్లో చెట్లు తగ్గాయి, నాటిన మొక్క కర్రకు రావాలంటే ఏళ్లు పడుతుంది. పిల్లలు వేరే ఉద్యోగాలు చూసుకుంటున్నారు. ఇక్కడ నా మాటగా ఒకటి చెబుతాను. పండగలకు కంపెనీలు ఉద్యోగులకిచ్చే కానుకల పెట్టెల మీద నాకు గురి లేదు. ఒకేసారి వందల ముక్కలు, ఒకే కొలత, ఒకే రంగు, వారంలో కావాలంటారు. అలా అడిగితే ఎవరైనా ఏం చేస్తారు? కర్ర ఆరకుండానే రంగు వేయాల్సి వస్తుంది. మరుసటి ఏడు ఆ పెట్టె ఇంకో సరుకుకు మళ్లుతుంది. ఒకే ఇల్లు నలభై ఏళ్లు ఏటా ఒక్కటి కొనడం వేరు. అడగాల్సింది కూడా భోగి ముందురోజు కాదు, కార్తీకంలో. అప్పుడు కర్ర ఎండటానికి వ్యవధి ఉంటుంది, చేసేవాళ్ల చేతిలో పండక్కి ముందే నాలుగు డబ్బులు ఆడతాయి.

అమ్మ మక్కు విద్య సముద్రం కూడా దాటింది. మా చెల్లెలు డల్లాస్‌లో ఉంటుంది. అక్కడ ఆమె కొలువుకు అయిదు మెట్లు. ప్రతి బొమ్మా ఇక్కణ్నుంచి సూట్‌కేసులో, పట్టుచీర మడతల మధ్య వెళ్లిందే. ఒకసారి ఊరేగింపు పల్లకీ బోయీ కాలు విరిగి చేరింది. చింతపండు ప్యాకెట్‌లో గింజలు ఏరుకుని, అమ్మను వీడియోకాల్‌లో అడుగుతూ మక్కు చేసింది.

లక్క ఊరు

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. ఇక్కడ కర్ర అంకుడు, పని తరిణె మీద. తిరుగుతున్న కర్రకు రంగు లక్కను అదిమితే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. పసుపు, నీలి వంటి సహజ రంగులను మళ్లీ ఈ బొమ్మల్లోకి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు 2017లో దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం వీటిదే. పేరంటంలో పంచడానికి నా ఓటు లక్కపిడతలకు. చిన్నవి, తేలికైనవి, ఆడుకునే పిల్ల ఉన్న ఇంటికి డబ్బా కన్నా ఎంతో మేలు.

మెట్టు కింద పొలం

కొలువు ముందు ఊరు కట్టడం పిల్లల పని. పండక్కి ఎనిమిది పది రోజుల ముందు వెడల్పు పళ్లెంలో మట్టి పోసి, రాత్రంతా నానిన రాగులో మెంతులో చల్లి, పైన తడిగుడ్డ కప్పాలి. మొలక కనిపించగానే గుడ్డ తీసేసి, రోజూ చిలకరిస్తూ వెలుతురులో పెడితే భోగినాటికి పచ్చని చేను. పాత అద్దం ముక్క చెరువు, అగ్గిపెట్టెలు ఇళ్లు, కొబ్బరి చిప్ప కొండ. బండి, రైతు, కావడి మనిషి మాత్రం కొండపల్లివి. ఇంట్లో చేసినదీ ఊళ్లో కొన్నదీ ఒకే చేలో నిలబడతాయి.

మరో రెండు సంగతులు

పొణికి కర్రతోనే తెలంగాణలో నిర్మల్ బొమ్మలు చేస్తారు. పళ్లు, కూరగాయలు, పక్షులు అచ్చం నిజంలా ఉంటాయి. కొలువులో సంత పెట్టాలనుకుంటే అవే కావాలి. ఇంకొకటి: 2021 నుంచి మన దేశంలో అమ్మే ఆటబొమ్మలకు బీఐఎస్ ముద్ర తప్పనిసరి చేశారు. భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికీ, హస్తకళల శాఖలో నమోదైన కళాకారులు చేసినవాటికీ మినహాయింపు ఉంది. ముద్ర లేదని కొండపల్లి బొమ్మను పక్కన పెట్టకండి.

ఈ ఏటి ఎడమ పేజీలో అమ్మ సంవత్సరం రాసి వదిలేసింది. కుడి పేజీలో పద్నాలుగు పేర్లు రాసి, పక్కన "లక్కపిడతలు" అని పెట్టింది. మా అమ్మాయి రాగులు మొన్ననే చల్లింది. రేపు పొద్దున్నే కొండపల్లికి బయల్దేరుతున్నాం. ఏం తేవాలని అడిగితే అమ్మ 1988 బండిని చీరముక్కలో చుట్టి నా చేతికిచ్చింది. ఎడమ ఎద్దు ఈసారి కొమ్ము దగ్గర కాదు, నడుము దగ్గర చీలింది. అక్కడ మక్కు నిలవలేదు.

"జత వద్దురా. ఎడమది ఒక్కటే చేసివ్వమను. ఎత్తు దీనికి సరిపోవాలి."